మన చలి తాబేలును నిద్రపుచ్చదు, జబ్బున పడేస్తుంది

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు దిగిందంటే తాబేలు పెంచుకునే ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: 'చలికాలం కదా, నిద్రలోకి పోయింది, కదిలించొద్దు.' శీతాకాల సుప్తావస్థ గురించి బడిలో చదువుకున్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫోన్లో చూసే విదేశీ వీడియోలూ అదే చెబుతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ మాట నమ్మి ఊరుకుంటే సంక్రాంతి నాటికి తాబేలు ముక్కులోంచి బుడగలు రావచ్చు. అప్పుడది నిద్ర కాదు, న్యుమోనియా.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. దుకాణాల్లో అమ్మే, కంటి వెనక ఎర్ర చార ఉన్న పచ్చటి పిల్ల తాబేలు పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది పారే ప్రాంతం. అక్కడి చలికి చెరువు అడుగున నీళ్లు 10 డిగ్రీల కిందికి దిగి వారాల తరబడి అట్లే ఉంటాయి. అంతకు ముందే తాబేలు తిండి మానేసి పేగులు ఖాళీ చేసుకుంటుంది. ఆ చల్లని నీళ్లలో గుండె బాగా నెమ్మదిస్తుంది, నీటిలో కరిగిన కొద్దిపాటి ప్రాణవాయువును చర్మం గుండా తీసుకుంటుంది, ఒంట్లో పేరుకునే ఆమ్లాన్ని డిప్పలోని సున్నం విరిచేస్తుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15 నుంచి 18 డిగ్రీలు, చలిగాలులు వీస్తే 12 దాకా. మధ్యాహ్నానికి మళ్లీ 29, 30. ఈ చలి నిద్రకు చాలదు, ఈ వేడి అరుగుదలకు చాలదు. నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడితే తిన్నది మెల్లగా అరుగుతుంది, 15 దగ్గరికి వస్తే అరుగుదల దాదాపు ఆగిపోతుంది. పగటి వేడికి లేచి నాలుగు మేత గింజలు (పెల్లెట్లు) తింటుంది, రాత్రి చలికి అవి పేగులోనే కుళ్లుతాయి. రోగాన్ని తట్టుకునే శక్తి కూడా దానికి ఒంటి వేడితోనే నడుస్తుంది. నీళ్లలోని సూక్ష్మక్రిములకు ఆ ఇబ్బంది లేదు.

అసలు మన ప్రాంతపు చెరువు తాబేలు నిద్రపోయేది చలికాలంలో కాదు, ఎండాకాలంలో. చెరువు ఎండిపోతే బురదలోకి దూరి వానల దాకా కదలకుండా పడి ఉంటుంది. చేపలు పట్టేటప్పుడు అట్లా దొరికిన చెరువు తాబేలును ఇంటి బావిలో వేసుకునే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అది, డిప్ప మీద నక్షత్రాలుండే మెట్ట తాబేలు, రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. వాటికి హీటరు ఎట్లా పెట్టాలని అడగొద్దు, అటవీ శాఖ వారికి అప్పగించండి. ఇక్కడ చెప్పేదంతా స్లైడర్ గురించే.

ముందు కొనాల్సింది హీటరు కాదు, థర్మామీటరు. నీళ్లలోకి తీగ దించే చిన్న డిజిటల్ రకం అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుందనుకోవడం పొరపాటు, మబ్బుల లేచిన మనిషి చేతికి 20 డిగ్రీల నీళ్లు కూడా గోరువెచ్చగానే తగులుతాయి. తెల్లవారుజామున ఐదున్నరకు ఒకసారి, పగలు మూడు గంటలకు ఒకసారి చూసి నాలుగు రోజులు రాసిపెట్టుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడా నాలుగు డిగ్రీలు దాటుతుంటే తొట్టి ఉన్న చోటే సరిగా లేదు. స్లాబు ఇంట్లో బండల మీద, కిటికీ పక్కన, బాల్కనీలో పెట్టిన తొట్టి అన్నిటికంటే ఎక్కువ చల్లబడుతుంది. లోపలి అర్రలో, నేలకు రెండడుగుల ఎత్తున బల్ల మీదికి మార్చి, కిందా మూడు పక్కలా అంగుళం మందం థర్మోకోల్ షీటు కట్టండి. తొట్టి బయటే కట్టాలి. లోపల పెడితే కొరికి మింగుతుంది, పేగుకు అడ్డం పడుతుంది.

పెద్ద తాబేలుకు నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. నాలుగైదు సెంటీమీటర్ల పిల్లకు 26 నుంచి 28. డిప్ప పది సెంటీమీటర్లు దాటని పిల్లకు చలి నిద్ర అన్న ఆలోచనే వద్దు, దాని ఒంట్లో అంత కొవ్వు ఉండదు.

హీటరు అంటే అక్వేరియం హీటరు, వేడి చాలగానే తనంతట ఆపే థర్మోస్టాట్ ఉన్నది. 40, 50 లీటర్ల నీళ్లకు 100 వాట్లు చాలు. 100 లీటర్లకు 200 వాట్లు కావాలి, అయితే ఒకే 200 హీటరు కంటే రెండు 100 వాట్లవి మేలు. థర్మోస్టాట్ చెడిపోయి ఆగకుండా నడిస్తే 200 వాట్లది రాత్రికి రాత్రే నీళ్లను ప్రమాదకరంగా వేడెక్కిస్తుంది. రెండింట్లో ఒకటి చెడితే అంత ముప్పు రాదు, ఒకటి ఆగిపోయినా రెండోది కాపాడుతుంది. కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. 100 వాట్లది రోజులో సగం సేపు నడిచినా 1.2 యూనిట్లే.

గాజు హీటరు తాబేలు దెబ్బకు పగులుతుంది. రెండు అంగుళాల పీవీసీ పైపు ముక్కను హీటరుకంటే కొంచెం పొడుగ్గా కోసి, చుట్టూ అంగుళానికొకటి చొప్పున చిన్న రంధ్రాలు వేసి, అంచులు గీకి నునుపు చేసి, అందులో హీటరు పెట్టి తొట్టి అడుగున అడ్డంగా కట్టండి. రంధ్రం 6 మిల్లీమీటర్లకు మించితే పిల్ల తాబేలు తల ఇరుక్కుంటుంది. అడ్డంగా ఎందుకంటే, మన పొడి చలిగాలికి వెచ్చని నీళ్లు రోజూ కొంత ఆవిరైపోతాయి. నిలువుగా పెట్టిన హీటరు మీది గీత కంటే నీటిమట్టం దిగిందంటే పైభాగం కాలి గాజు పగులుతుంది. నీళ్లు మార్చేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ముందు ప్లగ్గు తీసి, పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు నీళ్లు తోడాలి.

తీగ తొట్టి నుంచి నేరుగా బోర్డుకు పోకూడదు. బోర్డు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ కింది వంపు దగ్గరే రాలిపోతుంది. ఎర్తింగు లేని సాకెట్లో హీటరు పెట్టొద్దు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, కరెంటు బాగా పారుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు స్విచ్ కాదు, ప్లగ్గే తీయండి.

స్నానానికి నీళ్లు కాచే రాడ్డును తాబేలు తొట్టిలో దించేవాళ్లున్నారు. అది 1000, 1500 వాట్లది, దానికి ఆపే యంత్రం లేదు, కాసేపు మరిచిపోతే అయిపోయినట్టే. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి తాబేలుకే కాదు, ఇంట్లోవాళ్లకూ ప్రాణాంతకం.

నీళ్లొక్కటే వెచ్చబెడితే చాలదు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. నీళ్లు 26 ఉండి పైన గాలి 15 ఉంటే, తాబేలు పైకొచ్చి పీల్చే ప్రతి శ్వాసా చల్లటిదే. హీటరు పెట్టినా ఊపిరితిత్తులు చెడిపోవడానికి ఇదొక కారణం. తొట్టి మీద మూడొంతులు మూసేలా అట్టో పలకో వేసి, గాలి ఆడేందుకు ఒక పక్క వదిలేయండి. వేడి కోసం పెట్టే దీపం ఉన్న వైపు మాత్రం అట్ట వేయొద్దు, అంటుకుంటుంది.

దీపం సంగతికొస్తే, తాబేలు నీళ్లలోంచి పూర్తిగా బయటికొచ్చి పొడిగా ఎండ కాచుకునే చోటు ఒకటుండాలి, అక్కడ 30 నుంచి 32 డిగ్రీలుండాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడివ్వదు. పాత ఫిలమెంటు బల్బు 60 వాట్లది కావాలి, కోళ్ల ఫారాల్లో పిల్లలకు పెట్టే రకం. మామూలు దుకాణంలో లేకపోతే ఫారాలకు సామాన్లమ్మే చోట అడగండి. ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది, పింగాణిది వాడాలి. బల్బుకూ తాబేలు ఎక్కి కూచునే బండకూ మధ్య 25, 30 సెంటీమీటర్లు వదలండి, థర్మామీటరు బండ మీద పెట్టి ఎత్తు సరిచేయండి. నీళ్లు చిందితే వేడి బల్బు పేలుతుంది కాబట్టి కింద ఇనుప జాలీ తప్పనిసరి. బండకు తాండూరు రాయి బాగా పనికొస్తుంది, గరుకు వైపు పైకుండాలి, అంచులు అరగదీయాలి. నున్నటి గ్రానైటు జారుతుంది. నాటు ఇటుక కరిగి నీళ్లను ఎర్రచేస్తుంది, పైగా పొట్ట డిప్పను గీరుతుంది. గీరిన చోటే పుండు పడుతుంది. దీపం ఉదయం ఏడుకు వేసి సాయంత్రం ఐదారుకు తీసేయాలి, రాత్రికి హీటరొక్కటే చాలు.

మన చలికాలం చేసే మేలు ఒకటుంది: ఎండ. యూరప్ వాళ్లు వేలు పోసి యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ట్యూబులు కొనేది మనకు డాబా మీద దొరికే ఎండ కోసమే. డిప్ప గట్టిపడాలంటే అందులోని యూవీబీ కావాలి, అది కిటికీ అద్దం గుండా రాదు. తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య అరగంట చాలు. వెడల్పు గోలెంలో రెండు మూడు అంగుళాల నీళ్లు పోసి, సగం మీద తడి గోనెసంచి కప్పి నీడ ఇవ్వండి. అదే గాజు తొట్టిని ఎండలో పెడితే జనవరిలోనైనా అరగంటలో నీళ్లు మరీ వేడెక్కుతాయి, తాబేలుకు పారిపోయే చోటుండదు. కాకులు, పిల్లులు, కోతులు ఎత్తుకుపోతాయి, కాబట్టి మనిషి దగ్గరుండాలి. పెద్ద గాలి వీచే రోజున ఎండ ఉన్నా బయటికి తీయొద్దు.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోవాలి. ఇన్వర్టరు ఉంటే 100 వాట్ల హీటరును కొన్ని గంటలు మోస్తుంది. లేకపోతే లీటరు సీసాల్లో వేడి నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి తొట్టిలో తేలేయండి, గంటకోసారి మార్చండి. వేడి నీళ్లు నేరుగా పోయాల్సి వస్తే తాబేలును ముందు వేరే బకెట్లోకి తీయాలి. 40 లీటర్ల నీళ్లు 18 డిగ్రీలున్నాయనుకోండి, వాటిని 24కు తేవడానికి 60 డిగ్రీల నీళ్లు 6, 7 లీటర్లు పడతాయి. కానీ ఒక్కసారే ఆరు డిగ్రీలు పెంచొద్దు. సగం పోసి, కలిపి, గంట ఆగి మిగతా సగం.

కరెంటు రాత్రంతా రాక, నీళ్లు 20 కిందికి పడిపోతే మర్నాడు తిండి పెట్టకండి. ఇది మనసుకు కష్టమనిపించే సలహాయే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు వారం పస్తున్నా ఏమీ కాదు, చల్లటి కడుపులో వేసిన తిండి మాత్రం దాని ప్రాణం తీస్తుంది. నీళ్లు మళ్లీ 24కు చేరి ఒక పూట నిలిచాకే పెట్టాలి. ఏ ఏర్పాటూ చేయలేని ఇంటివాళ్లు కనీసం ఇదొక్కటి పాటించినా చాలా తాబేళ్లు బతుకుతాయి.

వెచ్చగా ఉన్న తాబేలుకు తిండి మామూలే. పిల్లకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు, దాని తలకాయంత గింజల మేత. ఎండు రొయ్యలు మాత్రమే పెడుతూ పోతే విటమిన్ ఎ తగ్గి కళ్లు వాచి మూసుకుపోతాయి. దీన్ని కూడా చలి మీదికో నిద్ర మీదికో తోసేస్తారు! మునగాకు, క్యారెట్ తురుము, పాడి రైతులు గేదెల కోసం పెంచే అజొల్లా మంచివి. పాలకూర, పుంటికూర, గంగవాయిలి వద్దు, వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం సున్నం ఒంటబట్టనీయదు. అన్నం, బ్రెడ్డు, పాలు అసలే వద్దు. సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క ఒకటి నీళ్లలో వేసి ఉంచితే కావలసినప్పుడు కొరుక్కుంటుంది, సున్నం అందుతుంది. వెచ్చని నీళ్లు తొందరగా కంపు కొడతాయి కాబట్టి రెండు మూడు రోజులకోసారి మూడో వంతు మార్చాలి. కొత్త నీళ్లు బకెట్లో ఒక రోజు నిలవ ఉంచినవై, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉండాలి. వంటింటి సింకులో తొట్టి కడగొద్దు, పట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. తాబేలు ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటుంది. ఈ కారణంగానే అమెరికాలో 1975 నుంచి నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకం నిషేధం.

చలికి మందగించిన తాబేలుకూ జబ్బు తాబేలుకూ తేడా గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చలికి మందగించినది నీళ్లు 25కు తెచ్చిన కొన్ని గంటల్లో కళ్లు తెరిచి ఈదుతుంది. జబ్బుపడింది వెచ్చబడినా కోలుకోదు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి మెడ చాచి గాలి పీల్చడం, ఈలలాంటి చప్పుడు, నీళ్లలో మునగలేక ఒక పక్కకు ఒరిగి తేలడం: వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఒరగడానికి కారణం తరచుగా ఒక వైపు ఊపిరితిత్తిలో నీరు చేరడమే. వారానికోసారి వంటింటి త్రాసు మీద గుడ్డ వేసి తూచే అలవాటు చేసుకుంటే ఇంతకంటే ముందే తెలుస్తుంది. 200 గ్రాములుండేది 180కి పడిందంటే ఏదో తేడా ఉన్నట్టే. జబ్బు తాబేలు నీళ్లను మెల్లగా 28కి పెంచండి, అంతకు మించి ఇంటి వైద్యం వద్దు. మనుషుల యాంటీబయాటిక్ గోళీ నీళ్లలో కలపడం, ముక్కుకు బామ్ పూయడం, ఆవిరి పట్టడం, వీటన్నిటివల్లా పోయేది కాలమే.

జిల్లా పశువైద్యశాలల్లో ఎక్కువగా చూసేది గేదెలను, గొర్రెలను. అయినా ముందు అక్కడ అడగండి, లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. సూది వేసేది తెలిసిన డాక్టరైతే ముందు కాళ్లకే వేస్తారు. వెనక కాళ్ల రక్తం మూత్రపిండాల మీదుగా పోతుంది కాబట్టి మందు ఒంటికి పట్టకముందే బయటికి పోయే ప్రమాదం ఉంది. నల్గొండ నుంచైనా, పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్ల దారి. నీళ్ల బకెట్లో తీసుకుపోకండి, ఊపుకు నీళ్లు మింగుతుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడిపి పిండిన తువ్వాలు పరిచి, పక్కన గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టండి. బండి మీద ఎదురుగాలికి పోవద్దు, బస్సు మేలు.

కదలకుండా పడి ఉన్నదాన్ని చచ్చిందనుకుని పూడ్చేయడం ఇంకో పొరపాటు. కంటి పక్కన, తోక మొదట్లో మెల్లగా తాకి చూడండి. స్పందన లేకపోయినా గడ్డం దాటని లోతు నీళ్లలో ఉంచి, గంటకు రెండు డిగ్రీల చొప్పున 25 దాకా తెచ్చి, ఆ పూటంతా చూడండి. కళ్లు గుంటలు పడి, కంపు కొడితేనే ఆశ వదులుకోవాలి.

'తాబేలు చొచ్చిన ఇల్లు, అమీనా చొచ్చిన ఇల్లు ఒకటే' అనేవారు పెద్దలు. అమీనా అంటే జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి. ఇప్పుడేమో వాస్తుకు మంచిదని తెచ్చుకుంటున్నారు. వాస్తు కోసమే అయితే నీళ్ల పళ్లెంలో ఇత్తడి తాబేలు చాలు, దానికి హీటరు అక్కర్లేదు. బతికిన తాబేలు ముప్పై ఏళ్లు ఉండగలదు, ఆడదైతే పెద్ద అన్నం పళ్లెమంత పెరగగలదు. చలికి సాకలేక పానగల్లు చెరువులోనో, గుడి కోనేట్లోనో వదిలేయడం పుణ్యం కాదు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాలో ఈ స్లైడర్ ఉంది, మన చెరువు తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కుంటుంది.

మీ పత్రికకు ఒక మనవి. రోజూ వేసే కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో మన జిల్లా అంకె 18కి దిగిన రోజున 'తాబేలు తొట్టెలకు హీటరు పెట్టే సమయం' అని ఒక్క వాక్యం అచ్చువేయండి. అక్వేరియం దుకాణాల వారికి కూడా ఇదే అడుగుతున్నాం, వేసవిలో తాబేలు అమ్మేటప్పుడే హీటరు సంగతి చెప్పండి.

హీటరు తీసే రోజూ ఉంటుంది. హీటరు ఆపిన రాత్రి కూడా తెల్లవారుజామున నీళ్లు 22 కంటే తగ్గకుండా వారం రోజులుంటే అక్కర తీరినట్టే. మన వైపు అది తరచుగా శివరాత్రి అటూ ఇటూ వస్తుంది. అప్పుడు కూడా సెట్టింగును రెండు రోజులకొక డిగ్రీ చొప్పున దించి తీయండి. గాజు మీద బోరు నీళ్ల తెల్ల చారలు పేరుకుని ఉంటాయి, ఆ పొర ఉంటే వచ్చే ఏడు హీటరు వేడి నీళ్లకు సరిగా అందదు. నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచి, కడిగి, పూర్తిగా ఆరాక పాత దినపత్రికలో చుట్టి అటక మీద పెట్టండి.

ఇట్లు
తాబేళ్లు సాకే కొందరు పాఠకులు,
నల్గొండ, మహబూబ్‌నగర్